ఆకు కాల్చినవాళ్ళం

నా మరిదిని జీపు ఎక్కించినప్పుడు అతని చేతులు ఇంకా మసిగానే ఉన్నాయి. మంటలార్పి వచ్చిన మసి అది. ఆ వేసవిలో కింది గుట్ట తగలబడితే ఊరంతా పచ్చికొమ్మలు పట్టుకుని కొట్టి కొట్టి ఆర్పాం. నాలుగిళ్ళు కాలిపోయాక గాని ఆరలేదు. ఆర్పినవాణ్ణే అంటించాడని తీసుకుపోయారు. అందరం చూస్తూ ఉన్నాం. అడ్డం పడదామంటే నిలబడే ఓపిక కూడా లేదు అప్పటికి.

ఫారెస్టు రేంజరు అడిగింది ఒకటే. "ఇక్కడ అడవికి నిప్పు పెట్టేదెవరు?"

"మా ఇల్లేనండి," అన్నాడు మరిది.

అది మా ఊరి కట్టుబాటు. చలికాలం చివర్లో, ఆకు మీద మంచు తడి పూర్తిగా పోకముందే, ఊరి వైపు అడవి అంచున రాలిన ఆకు కాల్చేస్తాం. తడి ఆకు మీద మంట మోకాలెత్తు లేవదు, చెట్టు జోలికి పోదు. అంచున ఆకు లేకపోతే వేసవి మంట ఇళ్ళ దాకా రాదు. మొదటి నిప్పు మా అత్తవారింటివాళ్ళే పెట్టాలి. పెట్టినవాళ్ళు ఆఖరి రవ్వ ఆరేదాకా కదలకూడదు. ఎవరు పెట్టారని అడిగితే దాచకూడదు. నా భర్త పోయాక ఆ పని మరిదికి వచ్చింది. అడిగారు కాబట్టి చెప్పాడు. రెండేళ్ళుగా అసలు నిప్పే పెట్టలేదని చెప్పాలని అతనికి తోచలేదు. రేంజరూ అడగలేదు.

పెట్టకపోవడానికి కారణం మా అడవిని ఒప్పందం మీద తీసుకున్న కార్బన్ కంపెనీ. చెట్టూ, ఎండుకొమ్మా, రాలిన ఆకూ అన్నీ కార్బన్‌ని పట్టి ఉంచుతాయని, భూమి వేడెక్కకూడదంటే ఇక్కడ పుల్ల కూడా కాలకూడదని కంపెనీ సూపర్‌వైజరు సభ పెట్టి చెప్పాడు. ఎక్కడో పొగగొట్టాలున్నవాళ్ళు ఆ కార్బన్‌ని కొనుక్కుని, తమ పొగ తాము వదులుకుంటారట. మాలో కొందరికి కావలి ఉద్యోగాలన్నాడు. మేం సరేనని చేతులెత్తాం. ఆకు కాల్చడం నడుములు విరిగే పని, కూలి లేని పని. మానెయ్యమంటే ఎవరికి చేదు? "పీడా వదిలింది," అంది నా తోడికోడలు, మరిది భార్య. రెండేళ్ళలో ఆకు మోకాలి లోతు పేరుకుంది.

మళ్ళీ చలి వచ్చింది. మరిది ఇంకా జైల్లోనే ఉన్నాడు. కింది గుట్ట నల్లగా ఉంది. ఊరి పైగుట్ట ఆకుతో నిండి ఉంది. అది అంటుకుంటే ఊరు మిగలదు. బడి వరండాలో కూర్చున్నాం.

"ఎండలు ముదురుతున్నాయని కంపెనీవాళ్ళు చెప్పేది అబద్ధం కాదుగా," అన్నాడు కమ్మరి.

"అబద్ధమని ఎవరన్నారు? ఇదివరకు మంచు నెలంతా ఉండేది. ఇప్పుడు నాలుగు రోజులుంటే గొప్ప. అందుకే తొందరగా కాల్చాలి. కింది గుట్టలో దాచిన కార్బన్ ఏమైంది మరి? పొగైపోలా?" అంది తోడికోడలు.

"కాలిస్తే జైలు."

"కాల్చకపోయినా జైలేగా. మా ఆయన్ని చూశావుగా."

దగ్గుతాత నవ్వబోయి దగ్గాడు. "నన్ను పంపండ్రా. జైల్లో అయితే వేళకి ఇంత ముద్ద పడేస్తారు. మా కోడలికి ఆ అలవాటు లేదు."

"నీ దగ్గుకి జైలరే పారిపోతాడు మావయ్యా," అంది ఆ కోడలు.

నా అల్లుడు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఒంటిమీద కంపెనీ కావలి చొక్కా. "అత్తా, ముందే చెబుతున్నా. పొగ లేస్తే నేను ఫోన్ చెయ్యాలి. చెయ్యకపోతే ఉద్యోగం పోద్ది. మీ కూతురు తినాలి, పిల్లలు తినాలి."

"చేసుకో నాయనా. నీ పని నువ్వు చెయ్యి, మా పని మేం చేస్తాం," అంది తోడికోడలు. కోపంగా అనలేదు. కోపానికి కూడా ఒంట్లో బలం ఉండాలి. "ఆయన లోపలున్నాడు కాబట్టి ఆ పని ఇక నాదే. మొదటి నిప్పు నేను పెడతా."

అప్పుడు నేనన్నాను: "ఒక ఇల్లు పెడితే ఒక ఇంటికే సంకెళ్ళు. ఆ కట్టుబాటే వాళ్ళకి పనికొచ్చింది. ఈసారి ఇంటింటి పొయ్యిలోంచీ నిప్పు తెద్దాం. మొదటి నిప్పు అందరిదీ."

"పెద్దల కట్టుబాటు మారుస్తావా?" అన్నాడు కమ్మరి.

"పెద్దలు మనల్ని విడివిడిగా జైలుకి పంపమనలేదు."

కమ్మరి లేచి తుండు దులుపుకున్నాడు. "నా కొలిమి నిప్పు మీ పొయ్యి నిప్పులా ఉండదు. జాగ్రత్తగా తీసుకెళ్ళాలి," అన్నాడు. వస్తానని దానర్థం.

తెల్లవారాక చిప్పల్లో, పెంకుల్లో, విరిగిన కుండల్లో నిప్పు పట్టుకుని అంచు పొడవునా నిలబడ్డాం. అందరం ఒకేసారి వంగాం. తడి ఆకు చిటపటమంటూ మెల్లగా అంటుకుంది. ముందు మంట, వెనక మేము, చేతుల్లో పచ్చికొమ్మలు. పొగకి కళ్ళు మండాయి. అల్లుడు ఫోన్ చేశాడు. చేసి అక్కడే నిలబడ్డాడు. ఒక రవ్వ ఎగిరి పైవైపు ఎండాకులో పడింది. మేం ఎవరం అందుకోలేనంత దూరంలో పడింది. అతను చొక్కా విప్పి దాన్ని కొట్టి ఆర్పాడు. ఆ చొక్కా మళ్ళీ వేసుకోలేదు. కాలి చిల్లులు పడింది మరి.

రెండు జీపులొచ్చాయి. పోలీసులు, రేంజరు, సూపర్‌వైజరు.

"ఎవరు పెట్టారు?"

"మేమే," అంది తోడికోడలు. "దాచడం లేదు. ఆరేదాకా ఉండండి, వస్తాం. ఇప్పుడు మమ్మల్ని లాక్కుపోతే అడవి మీ చేతుల్లోనే తగలబడుద్ది."

సూపర్‌వైజరు మంటను చూశాడు, మా కొమ్మల్ని చూశాడు, తన బూట్లను చూసుకున్నాడు. రేంజరు జీపు దిగి నీడన కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా ప్రభుత్వం మా కోసం కాచుకుంది.

జీపుల్లో పట్టక స్టేషన్‌కి నడిచే వెళ్ళాం. దగ్గుతాతను మాత్రం ముందు సీట్లో కూర్చోబెట్టారు. స్టేషన్ ఆవరణలో చోటు చాల్లేదు. ఎస్సై మమ్మల్ని చూసి తల పట్టుకున్నాడు.

"ఇళ్ళకి పోండమ్మా. పిలిచినప్పుడు వద్దురుగాని."

"పోము," అన్నాను. "మా మరిది మీద రాసిన కేసే మా అందరి మీదా రాయండి. లేదా అతన్ని వదలండి. రెండూ చెయ్యకపోతే ఇక్కడే ఉంటాం."

"ఎన్నాళ్ళుంటారు?"

"మాకు కూర్చునే పని దొరకడమే అరుదు సార్," అంది తోడికోడలు. గోడకి చేరబడి కళ్ళు మూసుకుంది. పక్కన నా కూతురు పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుంది. అల్లుడు బనీను మీదే వచ్చి గేటు దగ్గర కూర్చున్నాడు. ఎవరూ నినాదాలివ్వలేదు. గొంతుల్లో పొగ.

పొద్దు వాలుతుండగా ఫోన్ మోగింది. ఎస్సై విన్నాడు, లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. మేమూ అటు తిరిగాం. ఏటి అవతల గుట్ట అంచున, ఇంకో ఊరివాళ్ళ అడవిలో, తెల్లగా పొగ లేస్తోంది. నేలబారుగా, ఒక చివర నుంచి ఇంకో చివరకి, ఒకేసారి.