పసుపు పెట్టిన పదకొండు కార్డులు

"గీ కథల పిల్ల బతుకదేమోనే జంగమ్మా" అన్నాను.

రేడియోలో ఇంకా కథ మొదలే కాలేదు. పెట్టె వేడెక్కి, కాసేపు గరగరలాడి, చదివే ఆమె కథ పేరు చెప్పి ఊపిరి తీసుకున్నదంతే.

జంగమ్మ చేతిలో చాట ఆగింది. "ఓ వదినె! పేరు జెప్పంగనే సంపేస్తివి. గామెను జర నోరు తెరువనియ్యి."

"పేరుల్నే తెలుస్తది. 'నిమ్మచెట్టు కింది మంచం' అంట. చెట్టు కింద మంచమేసి పండుకోవెట్టిన్రంటే ఇంకేమొస్తది?"

"నీడొస్తది" అన్నది జంగమ్మ. వాకిట్లో కూర్చున్న ఆడవాళ్ళంతా నవ్వారు. నేను నవ్వలేదు.

తాండూరులో మా ఇంటికి ఎదురిల్లు జంగమ్మది. ఆమె పెనిమిటి హన్మయ్య నాపరాయి గనిలో మేస్త్రీ. మా వాడకట్టులో మొదటి రేడియో కొన్నది ఆయనే. బుధవారం మధ్యాహ్నం మూడింటికి హైదరాబాదు నుంచి ఎవరో ఒకరు కథ చదువుతారు. ఆ వేళకు మేము నలుగురైదుగురం మా మా చాటలు, కందిపప్పు పట్టుకొని వాళ్ళ అరుగు మీద చేరేవాళ్ళం. రాళ్ళు ఏరడం, కథ వినడం రెండూ అయ్యేవి. అందరూ కాలక్షేపానికి వినేవాళ్ళు. నేను మాత్రం మనోరమకు రాయడానికి వినేదాన్ని.

మనోరమ నా ఒక్కగానొక్క బిడ్డ. నేను నాలుగో తరగతి వరకే చదివాను. అప్పట్లో అక్షరాలు కూడబలుక్కునేదాన్ని గాని, వరుస చివరికి పోయేసరికి మొదట్లో ఏమున్నదో మరిచిపోయేదాన్ని. నా బిడ్డ ఎనిమిది దాకా చదివింది. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చి, నేను వంట చేస్తుంటే గడప మీద కూర్చుని పైకి చదివేది. ముసలాయన మాటలకు ముసలి గొంతు, దొరసాని మాటలకు ముక్కుతో గొంతు. కూర మాడిపోయిన రోజులు చాలా ఉన్నాయి.

పందొమ్మిదో ఏట ఆమెకు దగ్గు పట్టుకుంది. ఒక చలికాలమంతా ఉంది. నేను మొదటి రోజే భయపడ్డాను. మా ఆయన పాండురంగం పప్పు మిల్లులో పని చేస్తాడు, నెమ్మదైన మనిషి. "నీకు తుమ్మినా భయమే, దగ్గినా భయమే" అన్నాడు. నేను భయపడ్డదే నిజమైంది. వికారాబాదు కొండమీది క్షయ దవాఖానలో చేర్చాము.

అక్కడ పుస్తకం పట్టనివ్వరు. పడుకొని ఉండాలి, గాలి పీల్చాలి, సూదులు వేయించుకోవాలి. చేర్చిన పదిహేను రోజులకు మొదటిసారి చూడబోతే నా బిడ్డ అడిగింది ఒక్కటే.

"అమ్మా, బుధవారం కథ ఇని నాకు కార్డు రాయి. కార్డు సదువుకోనిస్తరు."

"నాకేం రాయొస్తది బిడ్డా?"

"కథేందో రాయి. సదివిన మనిషి ఎట్ల సదివిన్రో రాయి. నీకు నచ్చకుంటే ఎందుకు నచ్చలేదో రాయి. నీ అంత మంచిగ ఎవరూ తిట్టరు."

అట్లా మొదలైంది. మొదటి కార్డు రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇట్లా రాశాను:

"చి. ల. సౌ. కాబోయే మనోరమను అమ్మ దీవించి రాయునది. ఈ బుధవారం కథ మగాయన చదివినాడు. నాకు నచ్చలేదు. ఆడపిల్ల మాట వచ్చినప్పుడల్లా గొంతు సన్నం చేస్తాడు, మేకపిల్ల అరిచినట్టు ఉన్నది. జంగమ్మ నవ్వి నవ్వి పప్పు ఒలకబోసింది. అంగడిలో తప్పిపోయిన చెల్లెలును అన్న ఏడు ఊర్లు వెతికే కథ. ఏడు ఊర్లు తిరిగినవాడు ఎక్కడ తిన్నాడు, ఎక్కడ పండుకున్నాడు? రాసినాయన చెప్పలేదు. ఆఖరుకు చెల్లెలు దొరికింది, ఇద్దరూ ఎడ్లబండిలో ఇంటికి పోయినారు. పాలు మానకుండా తాగు."

చెల్లెలు దొరకలేదు. అన్న ఏడో ఊరికి పోయేసరికి ఆమె చనిపోయి నెల అయింది. రేడియోలో కథ అట్లనే ముగిసింది.

నేను ఎందుకు మార్చానంటే, మా అత్త బతికున్నప్పుడు నేర్పిన పద్ధతి ఒకటి ఉంది. జబ్బు మనిషికి పంపే ఉత్తరానికి నాలుగు మూలలా పసుపు పెట్టాలి. పసుపు పెట్టిన కాగితం మీద చావు మాట రాయకూడదు. రాస్తే ఆ మాట చదివినవాళ్ళను పట్టుకుంటుందని ఆమె గట్టిగా నమ్మేది. నేనూ నమ్మాను. కార్డు రాయకముందే నాలుగు మూలలా పసుపు అద్దేదాన్ని. ఆ తర్వాత నా చేయి చెడ్డ మాట రాయలేకపోయేది.

రెండో కథలో సైన్యం నుంచి కొడుకు రాడు. నేను రప్పించాను. మరో కథలో కోడలు బావిలో దూకుతుంది. నేను నీళ్ళు తోడించి ఇంటికి పంపాను. ఆ కథ చదివినామె గొంతు మాత్రం నాకు చాలా నచ్చింది. తొందర లేదు, ఏడుపు లేదు, పక్కన కూర్చుని జడ వేస్తూ చెప్పినట్టు చదివింది. ఆ సంగతి నిజంగానే రాశాను. మంచి కథలు కూడా వచ్చేవి, రాలేదని కాదు. కాని రాసేవాళ్ళకు ఎందుకో ఆడపిల్లలను బతకనివ్వడానికి చేతులు రావు. ఇది నా అభిప్రాయం.

అట్లా మొత్తం పన్నెండు కార్డులు రాశాను. పన్నెండూ ఇప్పుడు నా సందుగ పెట్టెలోనే ఉన్నాయి. దవాఖానవాళ్ళు ఆమె చీరలు, దువ్వెన, చెంబుతో పాటు కట్టి ఇచ్చారు. పదకొండింటికి పసుపు ఉంది. పన్నెండోదానికి లేదు. అది చేరేసరికి చదువుకోవడానికి నా బిడ్డ లేదు. కన్నబిడ్డకు దవాఖానలో కోత పెట్టిన రోజున తల్లివి నువ్వెక్కడున్నావని నన్ను అడగనివాళ్ళు లేరు. జంగమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని రేడియో కథ విన్నాను. ఎందుకు అక్కడ ఉన్నానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నాలుగో కార్డు తర్వాత మనోరమ నాతో మాట్లాడటం మానేసింది. రెండు వారాలకొక ఆదివారం నేను రైలులో వికారాబాదు పోయి, టాంగా ఎక్కి కొండ మీదికి పోయేదాన్ని. "కార్డు అందిందా బిడ్డా?" అంటే తల ఊపేది. "కథ మంచిగున్నదా?" అంటే గోడ దిక్కు తిరిగేది. నేను తెచ్చిన పల్లీల ముద్ద డబ్బాను పక్క మంచం వాళ్ళకు ఇచ్చేది. జబ్బు గొంతుకు పాకిందేమో, మాట పోయిందేమో అని నేను నర్సమ్మను అడిగాను. "గొంతు శుభ్రంగా ఉందమ్మా, రాత్రి మిగతా ఆడపిల్లలతో బాగానే మాట్లాడుతుంది" అన్నది ఆమె. ఆ మాట నాకు జబ్బు కంటే ఎక్కువ తగిలింది.

ఇంటికి వచ్చి ఆయనతో చెబితే, "అలిగిందేమో. నువ్వు పోంగనే ఏడ్పు మొదలువెడ్తవు. ఎవరికైన యాష్టకొస్తది" అన్నాడు.

"నేనాడ ఏడ్వనే ఏడ్వలె."

"గదే, ఏడ్వకుంట నువ్వు కూసుంటవు సూడు, గది ఇంక ఘోరం."

నిమ్మచెట్టు కథ విన్నది పదకొండో బుధవారం. నేను పేరు వినగానే అన్నట్టే అయింది. దగ్గుతో తీసుకునే పిల్ల, తాను నాటిన నిమ్మచెట్టు కింద మంచం వేయించుకుంటుంది. చెట్టు పూత పట్టిన రోజునే పోతుంది. చదివినామె నాకు నచ్చిన ఆమే. చివర ఆమె గొంతు కూడా ఒక్క క్షణం ఆగింది. జంగమ్మ చాట కింద పెట్టి, నా చేయి పట్టుకుంది.

నేను ఇంటికి వచ్చి కార్డుకు పసుపు పెట్టాను. పిల్ల లేచి నడిచిందని, చెట్టు కాసిందని, తన చేత్తోనే రెండు జాడీల నిమ్మకాయ తొక్కు పెట్టి ఒకటి పక్కింటికి పంపిందని రాశాను. కారం ఎంత వేసిందో కూడా రాశాను.

ఆ వచ్చిన ఆదివారం మా ఇద్దరినీ డాక్టరుగారు పిలిపించారు. ఆయన దాచకుండా చెప్పారు. ఒక పక్క ఊపిరితిత్తి పాడైంది. పక్కటెముకలు కొన్ని తీసేస్తే అది అణిగి మానవచ్చు. మానే అవకాశం సగం, మానని అవకాశం సగం. చేయకపోతే వానాకాలం దాటడం కష్టం. బుధవారం పొద్దున్న చేయగలం గాని, అమ్మాయి నోటితో అవునని అనాలి. రెండు రోజులుగా అడుగుతున్నాం, పలకడం లేదు. మీరు మాట్లాడండి.

మా ఆయన వార్డు మెట్ల దగ్గరే నిలబడిపోయాడు. "నాతోని కాదు. నువ్వే పో" అన్నాడు. తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు, మళ్ళీ విప్పాడు.

'చిన్న కోతేనంట బిడ్డా, చీమ కుట్టినట్టు ఉంటదంట' అనాలని మనసులో తయారుచేసుకొని నేను లోపలికి పోయాను. వార్డు వరండా గోడకు ఎత్తుగా ఒక పలక కొట్టి ఉంది. దాని మీద పువ్వుల గుడ్డ కప్పిన పెట్టె. ఎప్పుడూ దానివైపు చూసినదాన్ని కాదు. ఆ రోజు గాలికి గుడ్డ లేచింది. రేడియో.

నేల తుడుస్తున్న ఆయా మొగులమ్మను ఆపాను. "గిది ఎప్పటి సంది ఉన్నది?"

"రెండు నెల్లు కావొస్తున్నదమ్మా. ఎవలో పుణ్యాత్ములిచ్చిన్రు. బుధారం మూడు గొట్టంగనే అందరం గీడనే."

"మనోరమ ఇంటదా?"

"ఇనకేంది! మొన్న గా నిమ్మచెట్టు పిల్ల సచ్చిపోతే వార్డంత ఏడ్చినం. నీ బిడ్డ ఒక్కతే ఏడ్వలె. 'సూడున్రి, శనారం వరకు మా అమ్మ దీన్ని బతికిస్తది' అన్నది. నిన్న కార్డొచ్చింది. సదివి ఇనిపియ్యమంటే దిండు కింద వెట్టి గోడ దిక్కు తిరిగింది."

మంచం దాకా పది అడుగులు ఉంటాయేమో. ఆ పది అడుగుల్లో నాకు అర్థమైంది. ఇన్ని వారాలు నా బిడ్డ బుధవారం నిజం విని, శనివారం నా అబద్ధం చదువుకుంటున్నది. కథ మొదలు కాకముందే ఏడ్చే తల్లి, కార్డులో ఒక్క కన్నీటి బొట్టు రాయలేదంటే ఆమె ఏమనుకొని ఉంటుంది? అమ్మ ఆశ వదులుకున్నదనే అనుకొని ఉంటుంది. నేను దాచిన కొద్దీ ఆమెకు అదే కనబడింది.

స్టూలు జరుపుకొని కూర్చున్నాను. ఆమె గోడ దిక్కే ఉంది. మెడ వెనక ఎముక తేలి ఉంది. జడ ఎవరో వేశారు, వంకరగా ఉంది.

"చిన్న కోతే..." అని మొదలుపెట్టాను. ఆమె భుజం బిగుసుకుంది. ఆపేశాను.

"మనోరమా, గా చెల్లెలు దొరుకలె. అన్న పోయేటాళ్ళకు నెలైపోయిందంట" అన్నాను. "సిపాయి రాలె. గా కోడలు నీళ్ళు తేనీకి పోలె, దుంకింది. నిమ్మచెట్టు పిల్ల తొక్కు వెట్టలె బిడ్డా. సచ్చిపోయింది. నీకు ఎర్కనే. ఎర్కున్నా జెప్తున్న."

స్టూలు ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాను.

"పసుపు వెట్టిన కాయితం మీద గా మాట రాస్తే నీకు తగులుతదని భయపడ్డ. మీ నాయనమ్మ జెప్పింది. నాకు అన్నిటికీ భయమే, నీకు తెల్వదా? నీకు దగ్గు రాకముందు నుంచే భయపడుతున్న. ఇగో, డాక్టరు సారు సగం సగమన్నడు. ఎముకలు తీస్తరంట. చిన్న కోత కాదు. శానా పెద్దది. వద్దంటే వానలు దాటుడు కష్టమన్నడు. గింతే అన్నడు. నేను ఒక్క ముక్క దాచలె."

చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. అవతల మంచం మీద ఎవరో చాలాసేపు దగ్గి ఆగారు. మొగులమ్మ బకెట్టు చప్పుడు వరండా చివరికి పోయి, మళ్ళీ దగ్గరికి వచ్చి, మళ్ళీ పోయింది. రేడియో మీది గుడ్డ లేచి పడింది. మెట్ల దగ్గర మా ఆయన తలపాగా నీడ గడప మీద పడి, మెల్లగా గది లోపలికి జరిగింది. పాల గిన్నెలు వచ్చాయి. ఆమె పాలు కిటికీ గట్టున పెట్టిపోయారు. మీగడ కట్టింది. టాంగావాడు కింది నుంచి రెండుసార్లు గంట కొట్టాడు. నేను లేవలేదు. ఈ ఏడు వారాల్లో ఆమె పలకని రోజులన్నీ ఆ ఒక్క సాయంత్రంలో మళ్ళీ మొదటి నుంచి గడిచినట్టు అనిపించింది.

అప్పుడు నా బిడ్డ ఇటు తిరిగింది. దిండు కింద చేయి పెట్టి కార్డులు తీసి, మూలల పసుపును బొటనవేలితో రుద్దింది. కళ్ళల్లో నీళ్ళు లేవు. గొంతు బొంగురుపోయి ఉంది, అయినా చదివేటప్పటి గొంతే.

"బుధారం సరేనని జెప్పు సారుకు. నాయిన నా దగ్గరుంటడు. నువ్వుంటే కోత మొదలుగాకముందే ఏడుస్తవు. నువ్వు జంగమ్మత్త ఇంట్ల కూసోని మూడింటికి కథ ఇనమ్మా. గా రోజు నేను ఇనలేను గద. అంతా రాయి. ఉన్నదున్నట్టు రాయి. పసుపు వెట్టకు."