లేబులు మీద లేని పేరు

నేను ఒక గ్రామఫోను రికార్డును. నల్లగా, గుండ్రంగా ఉంటాను. నడుమ చిల్లు, చిల్లు చుట్టూ లేబులు. దానిమీద 'నార్మన్ బృందం' అని ఉంటుంది. పాడింది మాత్రం దీవెనమ్మ. ఒక్కసారైనా నామీద తన పేరు చూసుకోవాలని ఆమె కోరిక. ఇంతకన్నా అన్యాయమైన కోరికలు నా ఎదుటే ఎన్నో తీరాయి, ఇదొక్కటే తీరలేదు.

సికిందరాబాదు రైల్వే క్వార్టర్సులో ఉండే దీవెనమ్మ చర్చి క్వాయరులో పాడేది. అమెరికాలో నల్లజాతివాళ్లు దేవుణ్ణి పిలిచే గొంతుతోనే ప్రియుణ్ణీ పిలుస్తారని, దాన్నే సోల్ పాట అంటారని బ్యాండు నడిపే నార్మన్ మాస్టారు చెప్పాడు. "అంతేనా!" అని ఆమె తను కట్టుకున్న కీర్తనలోనే 'ప్రభువా' తీసేసి 'ప్రియుడా' పెట్టి రికార్డుకు పాడేసింది.

తీరా లేబుళ్లు అచ్చువేసే ముందు వాళ్లమ్మ అడ్డుపడింది. "నీ పేరేస్తే పాస్టరుగారు మనల్ని సంఘంలోంచి ఎలేస్తారే! వద్దని చెప్పు."

ఆ గొంతు ఆదివారం ఆదివారం సంఘమంతా వినేదే. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు పేరు దాచారు. "రెండో ముద్రణలో వేద్దాంలేమ్మా" అన్నాడు మాస్టారు. రెండో ముద్రణలో ఆయన ఫొటో వేశారు.

పాట ఊరంతా అంటుకుంది. వదిలేసి పోయినవాడి కోసం ఏడ్చే పాటను పెళ్లి ఊరేగింపుల్లో వాయించారు. పాస్టరుగారు కూడా స్నానాలగదిలో కూనిరాగం తీసేవారట. 'ప్రభువా' అనే పాడుకునేవారు కనుక పాపం అంటలేదు. తర్వాత రీమిక్సులొచ్చాయి. పాడింది మద్రాసు మనిషని ఒక పండితుడు, కాదు మగవాడే గొంతు మార్చాడని ఇంకొకడు టీవీలో వాదించుకున్నారు. "నేనేరా నాయనా" అని దీవెనమ్మ టీవీకి చెప్పి చూసింది.

నేను మైకుసెట్టువాడి పెట్టెలోంచి పాత సామాను బజారుకు, అక్కణ్ణుంచి బంజారాహిల్సులో ఒక కాఫీషాపుకు చేరాను. యజమాని నన్ను చేతులకు తొడుగులు వేసుకుని తాకుతాడు. పెళ్లిళ్లలో నామీద సాంబారు ఒలికిన సంగతి ఆయనకు తెలియదు.

మొన్న దీవెనమ్మను మనవరాలు అక్కడికే తీసుకొచ్చింది. నేను తిరుగుతున్నాను. ఎనభై దాటిన ఆ గొంతు వణుకుతూనే, శ్రుతి తప్పకుండా నాతో కలిసింది. నాకు ఏడుపొచ్చింది. యజమాని పరుగున వచ్చి ఎంతో మర్యాదగా వంగాడు.

"ఆంటీ, ప్లీజ్, కొంచెం ఆపుతారా? ఒరిజినల్ డిస్టర్బ్ అవుతోంది."

మనవరాలు మండిపడుతూ లేచింది. దీవెనమ్మ దాని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఉండవే. ఆ పిల్ల పాడుతోంది, విననీ."