వెయ్యి లెటర్‌హెడ్లు

మా ప్రెస్సు రేపల్లె నుంచి తెనాలి ఎలా మారిందో చెప్పాలంటే ముందు మా ఓనరు వీరబ్రహ్మం గారి గురించి చెప్పాలి. గట్టిగా మాట్లాడడు, ఎవర్నీ తిట్టడు. నవ్వుతూనే గొంతు కోస్తాడు. తొమ్మిదేళ్లుగా ఆయన దగ్గర కంప్యూటర్ మీద డిజైన్లు చేస్తున్నాను. పెళ్లి పత్రికలు, బిల్లు బుక్కులు, నిజాంపట్నం చేపల వేలం రసీదులు, అన్నీ నా చేతి మీదుగానే వెళ్తాయి. ఈ పాపం కూడా అలాగే వెళ్లింది.

సామాను తరలించడానికి మూడు కంపెనీలను అడిగాం. బాపట్ల వాళ్లు కటింగ్ మెషీన్ బరువు వినగానే మళ్లీ ఫోనెత్తలేదు. విజయవాడ వాళ్లు ఇన్సూరెన్స్ తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. గుంటూరు కంపెనీ సూపర్‌వైజరు వీడియో కాల్ చేశాడు. నేను ఫోను పట్టుకుని మూలమూలా తిప్పి చూపిస్తే, ఇరవై ఆరో తారీఖు ఖాయం చేశాడు. అడ్వాన్సు అప్పుడే వెళ్లిపోయింది. ఫోన్లో పంపే బటను నొక్కింది నా వేలే.

మర్నాడు బాలస్వామి వచ్చాడు. అతను మా ముఠా మేస్త్రి. అతనూ ఇంకో ముగ్గురూ పదిహేడేళ్లుగా మా పేపరు లోడు దించుతున్నారు. లారీ వచ్చిందంటే అన్నం ముందు నుంచి లేచి వస్తారు. మా ప్రెస్సు వెళ్లిపోతే రేపల్లెలో వాళ్లకు నికరమైన పని ఇంకోటి లేదు.

"సామాను మార్చే పని మాకే ఇప్పించండి అయ్యగారూ. మా పని నచ్చితే తెనాల్లో కూడా మమ్మల్నే ఉంచుకోండి. రోజూ రైల్లో వచ్చి పోతామండి," అన్నాడు.

కంపెనీ ఖాయమైపోయిందని ఓనరు చెప్పలేదు. పన్నెండో తారీఖున స్కూలు డైరీల పేపరు లోడు రావాలి. ఇప్పుడే లేదంటే వీళ్లు వేరే చోటు చూసుకుంటారు, అది దించేవాడుండడు.

"అలాగే బాలస్వామీ. కాకపోతే నోటిమాట పనికిరాదు. కంపెనీలన్నీ కొటేషన్లు ఇచ్చాయి. నువ్వూ లెటర్‌హెడ్ మీద రాసివ్వు, చూద్దాం."

"అదేంటండి?"

"ఇందు వేసిపెడుతుందిలే."

ఓనరు నాకేసి చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. తెనాలికి ఎవర్ని తీసుకెళ్తాడో, ఎవర్ని మాన్పిస్తాడో అప్పటికింకా చెప్పలేదు. అదీ నా భయం.

బాలస్వామి నా పక్కన స్టూలు మీద ఒదిగి కూర్చున్నాడు. "పైన చిన్న సిలువ పెట్టమ్మా. కింద దేవునికి స్తోత్రం అని వెయ్యి." కంపెనీ పేరేంటి బాబాయ్ అంటే సిగ్గుపడ్డాడు. చివరికి 'బాలస్వామి అండ్ పార్టీ, సామాను రవాణా, రేపల్లె' అని కుదిరింది. అడుగున తన నంబరు కాకుండా కూతురు దీవెన నంబరు వేయించాడు. ఫోన్లో ఆ పిల్లైతే మర్యాదగా మాట్లాడుతుందట.

"ఒక్కటి చాలమ్మా," అన్నాడు.

ఓనరు లోపల్నుంచే అందుకున్నాడు. "ఒక్కటెలా వేస్తాం బాలస్వామీ? అచ్చు ప్లేటు చేయించాక వెయ్యికి తక్కువ వెయ్యం. డబ్బులొద్దులే, వచ్చే లోడు ఊరికే దించెయ్."

నా బల్ల మీదే ప్రింటరుంది. ఒక్క కాగితం ఒక్క నిమిషంలో వచ్చేది. ఆ సంగతి బాలస్వామికి తెలీదు. నేను చెప్పలేదు.

పన్నెండున లోడు ఊరికే దించారు. ఆ సాయంత్రం బాలస్వామి చెబుతుంటే కొటేషన్ నేనే రాశాను. కటింగ్ మెషీన్‌కు ముందు చక్రం విప్పాలని, దుంగలు ఎక్కడ పెట్టాలని, తాడు ఎటు కట్టాలని, అంతా వివరంగా చెప్పాడు. ఓనరు దాన్ని ఫోటో తీసి గుంటూరు కంపెనీకి పంపాడు.

మిగతా లెటర్‌హెడ్లు బాలస్వామి ఇంటికి తీసుకెళ్లలేదు. "ఇల్లు కురుస్తోందమ్మా. ఇక్కడే ఉంచు. ఎవరైనా పని చెప్పినప్పుడు ఒక్కోటి పట్టుకెళ్తా," అన్నాడు. పని సంగతేమైందని అడిగినప్పుడల్లా ఓనరు రేపు చెప్తానన్నాడు.

ఇరవై ఆరు పొద్దున తాళ్లూ దుంగలూ పట్టుకుని నలుగురూ ఉతికిన బట్టల్లో వచ్చారు. గుమ్మం ముందు గుంటూరు కంపెనీ లారీ ఉంది. సూపర్‌వైజరు దిగి, "లోకల్ కూలీలు మీరేనా?" అన్నాడు.

బాలస్వామి ఓనరు వైపు చూశాడు.

"ఎవరి కింద చేస్తే ఏంటయ్యా, పని మీదేగా," అన్నాడు ఓనరు.

"మరి తెనాలి సంగతండి?"

"ముందు ఇది కానివ్వు."

ఆ ఒక్క మాట పట్టుకుని బాలస్వామి మధ్యాహ్నం దాకా మోశాడు. కటింగ్ మెషీన్ అతను చెప్పినట్టే లేచింది. మా కంపెనీ ప్లానింగ్ అలా ఉంటుందని సూపర్‌వైజరు మురిసిపోయాడు.

ఇక ఇంకు డబ్బాలూ కంప్యూటర్లూ మిగిలాయి. చుట్టడానికి చిత్తుకాగితాలు కావాలన్నాడు సూపర్‌వైజరు. ఓనరు మూల ఉన్న కట్టలు చూపించాడు.

కట్ట విప్పింది బాలస్వామే. పైన సిలువ కనబడింది. చేతులు లుంగీకి తుడుచుకుని తన పేరు మీద వేలు పెట్టి మెల్లగా చదువుకున్నాడు. ముఠా వాళ్లు తల దించుకున్నారు.

"వేరే కాగితం లేదా ఇందమ్మా?" అని నన్నడిగాడు.

ఓనరు గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నాడు. తెనాలి వచ్చేవాళ్లలో నా పేరుందని ఆ పొద్దున్నే చెప్పాడు. నా బల్ల కింద, కాళ్ల దగ్గర, రెండు కట్టలు పాత న్యూస్‌పేపర్లున్నాయి.

"లేవు బాబాయ్," అన్నాను.

బాలస్వామి వంగి బల్ల కిందకు చూశాడు. చూసి లేచాడు.

"సరిపోతాయిలేమ్మా. ఒక్కటేగా వాడింది," అన్నాడు.

మొదటి కాగితం తీసి నా కంప్యూటరుకే చుట్టాడు.