రెండోసారి అన్న పాదం

ఆళ్లగడ్డలో పరీక్ష రాయమంటే రాయొచ్చు గానీ, నోటితో చెప్పమంటే మాత్రం కష్టం. ఏ వీధిలో చూసినా శిల్పాలు చెక్కేవాళ్లే. మైథిలి వాళ్ల ఇంటి పక్కనే రాయి కోసే మిషను. అది మొదలైందంటే పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. అందుకే సెలవులకు ఇంటికొచ్చిన ఆమె, ఆన్‌లైన్‌లో జరిగే మౌఖిక పరీక్షకు నంద్యాలలో మేనత్త కమలిని ఇంటికి బయలుదేరింది. "నేనూ వస్తా, చెల్లెల్ని చూసి శానా దినాలాయ" అంటూ పులిహోర డబ్బా చంకన పెట్టుకుని తయారయ్యాడు నాయన రంగనాథం. చెల్లెలు ఒక సాకు. కూతురు ఇన్నాళ్లుగా గొణుగుతున్నది ఏమిటో తెలుసుకోవాలని ఆయన ప్రాణం కొట్టుకుంటోంది.

మైథిలి హైదరాబాదులో జర్మన్, దాని తోబుట్టువుల్లాంటి భాషలు, వాటి సాహిత్యం మీద ఎం.ఏ. చేస్తోంది. ఊళ్లోవాళ్లు "జర్మనీకి పోతాదంట" అని ఎప్పుడో తేల్చేశారు. పోవడం సంగతి దేవుడెరుగు, ఆమెకు మాత్రం వెయ్యేళ్ల కిందటి పాత పద్యాల పిచ్చి పట్టింది. పరిశోధన వాటిమీదే చేస్తానంది. ఆమె గైడు ఫిలిప్ సార్ ఒక మెలిక పెట్టాడు. అవి కళ్లతో చదువుకున్నవి కావు, ఒకరు చెబితే పదిమంది విన్నవి. కాబట్టి ఒక పద్యం మొత్తం చూడకుండా అప్పజెప్పు, లేదంటే వ్యాపార జర్మన్ మీద చేసుకో అన్నాడు. ఆ రెండోదాని పేరు వింటేనే మైథిలికి నీరసం.

బస్సు కదిలిందో లేదో రంగనాథం ఉండబట్టలేక అడిగాడు. "ఏందీ పాపా ఆ గొణుగుడు? సగంలో ఆగిపోతాండావు."

"ఏడో పాదం కాడ మర్చిపోతాండా నాయనా."

"ఎట్ల నేర్చుకున్యావు?"

"ఫోన్లో చూసి."

"చూసి నేర్చుకుంటే కండ్లకొస్తాది, నోటికి యాడొస్తాది? నువ్వు చెప్పు, నేనంటా."

రంగనాథం అహోబిలం గుళ్లో తమిళ పాశురాల ప్రబంధం కలిసి చదివే గోష్ఠిలో మనిషి. వీధిలో మగపిల్లలకు ఇంట్లో సంథ చెప్పేవాడు. ఆయన ఒకసారి అంటాడు, పిల్లలు రెండుసార్లు అంటారు. ముందు నోరు తిరగాలి, అర్థం తర్వాత. ఆ పిల్లల్లో మైథిలి లేదు. "గోష్ఠిలో ఆడపిల్లకు పనేముంది, బడి చదువు చదువుకో" అన్నాడు. ఆమె వంటింటి తలుపు వెనక నిలబడి విన్నంత విన్నది. ఆ కోపం ఇంకా పోలేదు.

ఇప్పుడు బస్సులో ఆమె ఒక పాదం అంటుంటే, ఆయన రెండుసార్లు అంటున్నాడు. ముందు సీటు ముసలమ్మ వెనక్కి తిరిగి, ఇదేం మంత్రమో అని దండం పెట్టుకుంది. శిరివెళ్ల దాటేసరికి ఏడో పాదం గండం గడిచింది. "పాదం పాదానికీ ఒకే శబ్దం మల్లా మల్లా తగుల్తాంది" అని ఆయన సంబరపడిపోయాడు. అర్థం అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. తన నియమం తనే ఎట్లా తప్పుతాడు? మింగేశాడు.

పరీక్షకు కమలిని మేడమీది గది ఇచ్చింది. గదిలో ఇంకెవరూ ఉండకూడదని సార్ ముందే చెప్పాడు కాబట్టి రంగనాథం తలుపు బయట కూర్చున్నాడు. మైథిలి కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. ఎక్కడా తడబడలేదు. చివరి పాదం అనేసి ఊపిరి వదిలింది.

అంతలో తలుపు వెనకనుంచి, గుళ్లో పలికే గొంతుతో, అదే చివరి పాదం ఇంకోసారి వినిపించింది.

ఫిలిప్ సార్ ముఖం మారిపోయింది. "ఎవరమ్మా అది? అందిస్తున్నారా?"

అంతా పోయిందనుకుంది మైథిలి. "మా నాయన సార్. నేను ముగించినాకే అన్నాడు. ఆయనకు జర్మన్ ఒక్క మాట రాదు."

"రాకపోతే ఎందుకన్నారు? పిలువు."

రంగనాథం లోపలికొచ్చి లాప్‌టాప్‌కు నమస్కారం పెట్టాడు. "తప్పు నాది సార్, పాపను ఏమనొద్దండి. మా ప్రబంధంలో ఒక్కో భాగానికి మొదటి పాశురమూ, చివరిదీ రెండేసి సార్లంటాం. మొదటిది బిగబట్టుకున్యా. చివరిది నా వల్ల కాల్యా."

సార్ కోపం మరిచి ముందుకు జరిగాడు. "రెండోసారి అనకపోతే?"

"వినేటోళ్లు ఇంగా ఉందనుకుంటారు సార్. ఎదురుచూస్తా కూర్చునుంటారు."

"పెద్దాయనా, ఇది నిజంగానే ఇంకా ఉంది. పడవ తీరం వదిలిందని కవి చెప్పాడు, చేరిందో లేదో చెప్పే రాతప్రతి ఆకులు దొరకలేదు."

రంగనాథం నివ్వెరపోయాడు. "అంటే, ముగియని దాన్ని ముగించేసినానా?" లాప్‌టాప్ ముందుకు వంగి అడిగాడు. "ఆకులు పోతే పోనీ సార్. ఆ దేశంలో ఎవురి నోట్లోనూ ల్యాదా?"

"ఒక్కరి నోట్లోనూ లేదు."

"నేర్చుకునేటోళ్లు ల్యాకనా, నేర్పేటోళ్లు నేర్పకనా?"

"అదీ తెలియదు" అన్నాడు సార్. తర్వాత మైథిలి వైపు తిరిగాడు. "కథ అయిపోయిందని వినేవాళ్లకు వాళ్లెట్లా తెలియజేసేవాళ్లో నేనెప్పుడూ ఆలోచించలేదు. నువ్వు వెతుకు. ఇంకోసారి అప్పజెప్పు, నాయనగారు మాత్రం కిందికి వెళ్లాలి."

ఆమె మళ్లీ అప్పజెప్పింది. అంశం ఆమెదైంది.

తిరుగు బస్సులో మైథిలి ఆనందం పట్టలేక ఇంటికి, స్నేహితురాళ్లకు ఫోన్లు చేసింది. రంగనాథం మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"ఏమాయ నాయనా? పడవ గురించేనా?"

"కాదు పాపా. మా గురువు నాకిచ్చిన, పాశురం పలికే వరుస ఒకటుండాది. నేర్చుకున్న పిల్లోళ్లంతా వదిలేసినారు. ఇప్పుడది నా ఒక్కడి నోట్లోనే ఉండాది." గొంతు సవరించుకున్నాడు. "నేనొకసారి అంటా. నువ్వు రెండుసార్లను."

ఎన్నేళ్ల కోపమో ఒక్కసారిగా పైకొచ్చింది. "గోష్ఠిలో నాకు పనేముంది?"

"ఉంటాదో ల్యాదో. నీ నోట్లో ఉండనీ."

ఆయన మొదటి పాదం అన్నాడు. కండక్టర్ టికెట్ అంటూ వస్తే మైథిలి ఆగమని చెయ్యి చూపించింది. చిన్నప్పుడు వంటింటి తలుపు వెనక విన్న పాదమే అది, కానీ తనకోసం అన్నది ఇదే మొదలు. ఒకసారి అన్నది. రెండోసారి అనబోయి ఏడ్చేసింది.

రంగనాథం తర్వాతి పాదానికి పోలేదు. ఆమె రెండోసారి అనేదాకా అట్లే కూర్చున్నాడు.