కొత్త రూపాయి బిళ్లలు

బషీరాబాద్ అవతల బాలప్ప తాతల నాటి చేను ఏళ్ల తరబడి బీడుగా పడి ఉంది. ఒకప్పుడు అక్కడ ఊరుండేదని నాయనమ్మ చెప్పిన మాటను బాలప్ప తన బామ్మర్ది మొగులప్పకు తప్ప ఎవరికీ చెప్పలేదు. భూమిలో పాత నాణేలు వెతికే మిషన్ ఇద్దరూ కలిసి కొన్నారు. అది మొగులప్ప ఇంట్లోనే ఉండేది. మోకాళ్ల నొప్పి తగ్గాక పోదామని మొగులప్ప అంటే బాలప్ప రెండు నెలలు ఆగాడు.

తీరా ఈ రోజు వచ్చి, మిషన్ కుయ్‌మన్న చోట తవ్వితే కొత్త రూపాయి బిళ్ల దొరికింది. నాలుగడుగుల అవతల తవ్వితే మళ్లీ కొత్త రూపాయే. మూడో చోటా అంతే.

బాలప్ప చెయ్యి ఆగిపోయింది. భూమిలోంచి ఏది తీసుకున్నా బదులుగా ఆ గుంతలో రూపాయి పెట్టి పూడ్చాలన్నది అతని ఇంటి పద్ధతి. అతను దాన్ని నేర్పింది ఒక్క మొగులప్పకే.

"ఎవలో జారవిడిచినట్టున్నరు బావా," అన్నాడు మొగులప్ప.

"మూడు చోట్ల, జానెడు లోతులనా?"

మొగులప్ప తువాలుతో మెడ తుడుచుకున్నాడు. "చెప్దామనే అనుకున్న బావా. కానీ భూమిని మోసం చెయ్యలే. ఒక్క గుంత గూడ వట్టిగ ఇడ్వలే, సూడు."

"మోకాళ్ల నొప్పులతోని మస్తు తవ్వినవ్ రా."

"తప్పైంది బావా. దొరికిన దాంట్ల సగం ఇస్త."

"భూమికి భయపడ్డవ్. నేను మనిషినే గదా, నాకేం భయమనుకున్నవ్."

బాలప్ప మూడు బిళ్లలనూ ఎక్కడివక్కడ పెట్టి మన్ను కప్పాడు. మిషన్‌ను మొగులప్ప కాళ్ల దగ్గర దించాడు.

"మీ అక్కకు నేను చెప్ప. నువ్వే వచ్చి చెప్పుకో."