బెంగయ్య పొలం కొలత

ఆ రోజు కూడా బెంగయ్య అందరికంటే ముందే లేచి, గేదెలకు మేత వేసి, చేతులైనా కడుక్కోకుండా పొలం చూడ్డానికి వెళ్లాడు. ఆయన అసలు పేరు ఇంట్లోవాళ్లే మరిచిపోయారు. బెంగ పెట్టుకున్నప్పుడల్లా ఆయన పొలం కుంచించుకుపోయేది. వాన ఆలస్యమైతే ఓ గజం, పురుగు పడితే ఇంకో గజం. మనసు కుదుటపడితే మళ్లీ సాగేది. గట్టు జరిగినప్పుడు మధ్యలో మిగిలిన నేలలో పక్కవాళ్లు మేకల్ని తోలుకునేవాళ్లు, అంతే.

కానీ ఇవాళ కొలత. రెండెకరాల లోపైతే ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి సాయం ఆగిపోతుంది. సాయం లేకపోతే విత్తనం లేదు. పోయినేడాది అలా ఆగిపోయిన చివరింటి రైతు ఇప్పుడు మిల్లు గేటు దగ్గర కాపలా కాస్తున్నాడు. బెంగయ్య కళ్లలో ఆ గేటే మెదులుతోంది.

సర్వే అమ్మాయి మోటారుసైకిలు దిగి, టేపు కొస బెంగయ్య భార్యకిచ్చి నడవడం మొదలుపెట్టింది. ఆమె గట్టు చేరేలోపే గట్టు ఆమెకు ఎదురొచ్చింది.

"బాబాయ్, కాస్త ఊపిరి పీల్చుకోండి."

"పీలుస్తూనే ఉన్నానమ్మా."

"పీల్చి బిగబడితే ఎలా? వదలాలి కూడా."

"మీరు పాక వెనక్కెళ్లి కూర్చోండి," అని భార్య కసిరింది.

వెళ్లాడు. ఏం జరుగుతోందో కనబడకపోయేసరికి బెంగ రెట్టింపైంది. దున్నిన చాళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ దగ్గరకు జరిగాయి. టేపు చూసి సర్వే అమ్మాయి ముఖం వాడిపోయింది.

"పిన్నీ, ఇంకాస్త తగ్గితే నా చేతుల్లో ఏమీ ఉండదు."

భార్య టేపు కొసను రాయి కింద పెట్టి, పాక వెనక్కి విసవిసా నడిచింది. దులిపేద్దామనే వెళ్లింది. ఆయన చేతులకు పొద్దుటి మేత ఇంకా అంటుకునే ఉండటం చూసి పక్కనే కూలబడింది.

"నీళ్లు పెట్టేది నేను, కలుపు తీసేది నేను. బెంగ మాత్రం నన్ను ముట్టుకోనివ్వరు."

"నువ్వూ భయపడితే ఇంట్లో ఇంకెవరు మిగులుతారే?"

"నాకు భయం కంటే ముందు కోపం వస్తుంది. అదైనా పనికొస్తుందేమో చూద్దాం."

ఆయన ఓ మట్టిబెడ్డ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "అయితే తీసుకో. పొలం నీది. మాటవరసకు కాదు, నిజంగానే అంటున్నా."

మట్టి కిర్రుమంది. చాళ్లు విడివడ్డాయి. గట్టు మేకల్ని తోసుకుంటూ మెల్లగా వెనక్కి జరిగింది. సర్వే అమ్మాయి చేతిలోంచి టేపు సర్రున సాగింది.

"రెండు దాటింది పిన్నీ!" అని అరిచి, కలం తీసింది. "రైతు ఎవరని రాయను?"

ఇన్నేళ్లలో భార్యను ఎవరూ అడగని మాట. గట్టు వేలెడు లోపలికి జరిగింది. ఆమె దాని వంక గుర్రుగా చూసింది. గట్టు ఆగింది.

"నేనే," అంది.

సాయం అందిన వారానికి ఇద్దరూ విత్తనాల కొట్టుకు వెళ్లారు. ఆమె బయట బండి దగ్గర ఆగింది.

"ఏం బెంగయ్యా, ఈసారి ఏ రకం?" అన్నాడు కొట్టాయన అలవాటుగా.

బెంగయ్య బల్ల మీద మోచేతులు ఆన్చి, నిమ్మళంగా ఊపిరి వదిలాడు.

"ఉండు, రైతునడిగి చెబుతా."