పిసరుకు తోడు భోజనం

లిఫ్టు మెకానిక్కుకు పిల్లులంటే ఇష్టమూ లేదు, కోపమూ లేదు. ఇష్టమంతా ఆయన భార్యది. ఆమె కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేది. ఇంట్లో దొరసాని అని సొంత పిల్లి ఉండేది, ఏడు కిలోలు. అది చాలదన్నట్టు, పిల్లుల ఆశ్రమంలో మిగిలిపోయినవాటిని తెచ్చి, పెంచుకునేవాళ్ళు దొరికేదాకా సాకేది. అలా వచ్చిందే పిసరు. పేరుకు తగ్గట్టు రెండు కిలోలు కూడా లేదు.

పశువుల డాక్టరు రెండింటినీ తూచి రెండు కాగితాలు రాసిచ్చాడు. దొరసాని ముందు రోజంతా నిండుగా ఉండే గింజల గిన్నె తీసెయ్యాలి, కొలిచి పెట్టి రెండు పూటలతో సరి. పిసరుకు కొంచెం కొంచెంగా రోజుకు నాలుగుసార్లు, పిల్లుల డబ్బా తిండిలో ఉప్పూ ఉల్లిపాయా తగలని ఉడికించిన కోడిమాంసం కలిపి పెట్టాలి. పాలు రెండింటికీ వద్దు. భార్య ఆ కాగితాలు ఫ్రిజ్ తలుపుకి అంటించింది.

దొరసాని రెండు రోజులు అలిగి దారికొచ్చింది. పిసరు మాత్రం గిన్నె ముందు కూర్చుని మనుషుల మొహాలు చూడడమే తప్ప మూతి పెట్టేది కాదు. ఆశ్రమం ఆవిడకు ఫోన్ చేస్తే, అప్పుడే గుర్తొచ్చినట్టు అసలు సంగతి చెప్పింది. దాన్ని పెంచిన పెద్దాయన ఒంటరి మనిషట. దాని పక్కనే నేలమీద కూర్చుని, అలాంటి గిన్నెలోనే తినేవాడట. ఆయన పోయాక అది సరిగ్గా తిన్నది లేదట.

ముందు భార్యే కూర్చుంది. పిసరు ఆమెను ఎగాదిగా చూసి మొహం తిప్పేసుకుంది. తర్వాత భర్త వంతు. ఆయన కంచంలో తన అన్నం తాను తింటుంటే దానికి ఆనలేదు. చివరికి పిల్లి గిన్నె లాంటి గిన్నెలో నలభై గ్రాముల చప్పిడి మాంసం పెట్టుకుని ఆయన నమలడం మొదలుపెట్టాక, పిసరు తల వంచి తింది. భార్యకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆయనకూ తిరిగాయి గానీ కారణం వేరు.

ఎన్నాళ్ళని అడిగాడు. మూడు కిలోలు అయ్యేదాకా అంది. మర్నాడు ఫ్రిజ్ మీద మూడో కాగితం వెలిసింది. అది ఆయనది.

రోజుకు నాలుగుసార్లు ఇంటికి రావలసి వచ్చింది. ఇంట్లో తినిపించాల్సిన ప్రాణం ఒకటుందని సూపర్వైజరుతో చెప్పాడు. అత్తగారికి మంచాన పడే జబ్బేదో వచ్చిందనుకుని సూపర్వైజరు భుజం తట్టి, వేళలు సర్దాడు.

ఒకరోజు మధ్యాహ్నం పిసరు సగం గిన్నెలో ఉండగా ఫోన్ మోగింది. దగ్గర్లో ఆయన చూసే అపార్టుమెంటు లిఫ్టు మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య ఆగిపోయింది. లోపల ఇరుక్కున్న పెద్దావిడే, లిఫ్టు గోడమీదున్న నంబరు చూసి చేసింది. ఉద్యోగం మానేసిన సంగీతం టీచరు. భార్య షాపులో ఉంది. తను లేస్తే పిల్లి లేచిపోతుంది. ఆయనకు అబద్ధం తోచలేదు.

"పన్నెండు నిమిషాలు ఆగాలమ్మా. నేను లేస్తే మా పిల్లి తినదు."

అవతల ఆవిడ చేతిసంచి కింద పెట్టిన చప్పుడైంది.

"ఏం తింటోంది?" అని అడిగిందావిడ.

చెప్పాడు. పాలు పొయ్యరా అంటే, పోస్తే కడుపు చెడుతుందని డాక్టరు అన్న మాట చెప్పాడు. సరే కానివ్వమని, ఫోన్ మాత్రం పెట్టెయ్యొద్దంది. కాసేపటికి మళ్ళీ గొంతు వినిపించింది.

"బాబూ, నువ్వు ఎడం పక్కనే నములుతున్నావు కదా?"

కుడి పక్క పన్ను పుచ్చిపోయిందని ఒప్పుకున్నాడు.

లిఫ్టు తలుపు తెరిచేసరికి ఆవిడ అడిగిన మొదటి మాట, గిన్నె ఖాళీ అయిందా అని. వారం తిరక్కుండా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి పిసరును తనకివ్వమంది. భార్య సంబరంగా ఒప్పుకుంది. తీరా చూస్తే ఆవిడ మాంసం తినదు. ఉడికిన బంగాళాదుంప ముక్కలు గిన్నెలో పెట్టుకుని పిసరు పక్కన కూర్చుంది. పిసరు కదల్లేదు.

టీచరు దాన్ని చాలాసేపు గమనించింది. "ఇది గిన్నె చూడటం లేదు, చెవులు రిక్కించి వింటోంది," అని, మెకానిక్కును తలుపు వెనక్కి పంపి నమలమంది. నమిలాడు. పిసరు తినేసింది.

ఆ సాయంత్రమే టీచరు ఫోన్లో రికార్డింగు జరిగింది. ఒకసారి తొందరపడ్డాడంది, ఒకసారి తాళం తప్పాడంది, మూడోసారి మధ్యలో తుమ్మాడు. నాలుగోది బాగుందంది. అప్పటికి ఆయన నూట అరవై గ్రాములు తిన్నాడు. టీచరు పిల్లినీ ఆయన నమలడాన్నీ తీసుకుని వెళ్ళిపోయింది.

వారం వారం బరువు చెప్పేది. రెండుంబావు, రెండున్నర, రెండూ ముప్పావు. మూడు కిలోలైన రోజు ఇంకో మాట చెప్పింది. ఫోన్ పక్కగదిలో ఛార్జింగులో ఉందట, తను దుంపలు తింటుంటే పిసరు వచ్చి తన గిన్నె తను తినేసిందట. ఇక రికార్డు అక్కర్లేదు.

మంచిదేనమ్మా అని ఫోన్ పెట్టేశాడు గానీ, ఆ పూట ఆయనకు ఏదో ఉద్యోగం పోయినట్టే ఉంది.

"మరి ఆ రికార్డు ఏం చేస్తుందట?" అని అడిగింది భార్య.

"ఉంచుకుంటుందట."

"ఎందుకు?"

"తను తినేటప్పుడు పెట్టుకుంటుందట. ఇల్లు మరీ చప్పుడు లేకుండా ఉంటుందంది."

ఆదివారం టీచరుగారిని భోజనానికి పిలిచారు. ఆవిడ పిసరును బుట్టలో పెట్టుకుని వచ్చింది. దొరసానికి అది నచ్చలేదు.